ట్రాక్టర్‌కి ఎయిర్ పట్టిందా? తీయడం తేలికే, ఎక్కడ లాగుతుందో పట్టుకోవడమే అసలు పని

దమ్ము చేస్తున్నప్పుడో, రోటావేటర్ వేసి నాలుగు చాళ్ళు తిరిగాకో బండి సౌండ్ ఒక్కసారిగా మారిపోతుంది, రేజ్ అదంతట అదే ఎక్కుతూ తగ్గుతూ కాసేపు కొట్టుకుని ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతుంది కానీ స్టార్ట్ అవ్వదు, అయినా నాలుగు సెకన్లు ఉండి మళ్ళీ పడుకుంటుంది. గట్టు మీద ఉన్నవాళ్ళంతా ఒకటే మాట, ఎయిర్ పట్టింది అని, అంటే డీజిల్ లైన్లోకి గాలి చేరిందని. చాలాసార్లు అది కరెక్టే. మెకానిక్ వస్తాడు, రెండు స్క్రూలు లూజ్ చేసి నాలుగుసార్లు పంప్ కొడతాడు, బండి స్టార్ట్ అవుతుంది, డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. రెండ్రోజులకి మళ్ళీ అదే కథ. ఎందుకంటే ఎయిర్ తీశాం గానీ అది వచ్చే దారి మూయలేదు. డీజిల్ ట్యాంక్ ఖాళీ అవ్వకుండా, ఫిల్టర్లు విప్పకుండా ఉత్తపుణ్యానికి ఎయిర్ పట్టదు, పట్టిందంటే ఎక్కడో ఒక వాషరో పైపో క్లిప్పో పోయినట్టే. అందుకే ఇందులో ఎయిర్ తీసే పద్ధతితో పాటు ఎక్కడినుంచి వస్తుందో వెతికే పద్ధతి కూడా రాస్తున్నా, నిజానికి అదే ఎక్కువ రాస్తున్నా.

ముందు అసలు ఎయిర్ వస్తే బండి ఎందుకు ఆగుతుందో ఒక ముక్క తెలిస్తే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ ప్రెషర్ కావాలి, బండిని బట్టి కొంచెం అటూఇటూ. డీజిల్‌ని నొక్కితే నలగదు కాబట్టి పంపులో ప్లంజర్ (డీజిల్‌ని నొక్కే చిన్న కడ్డీ) కొంచెం కదిలినా ఆ ప్రెషర్ వచ్చేస్తుంది. గాలి అలా కాదు, నొక్కితే నలిగిపోతుంది, వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది. పంపు ఎంత కొట్టినా ఆ గాలిబుడగే నలుగుతూ ఉంటుంది తప్ప నాజిల్ తెరుచుకోదు. పెట్రోల్ బండికి ఈ బాధ పెద్దగా ఉండదు, డీజిల్‌కే ఈ గొడవ.

పానా పట్టుకునే ముందు చూడాల్సినవి

నవ్వకండి గానీ ముందు ట్యాంక్‌లో డీజిల్ ఉందో లేదో మూత తీసి కళ్ళతో చూడండి, మీటర్‌ని నమ్మొద్దు. ట్యాంక్ కింద కుళాయి పూర్తిగా తెరిచి ఉందా, పిల్లలెవరైనా తిప్పారా చూడండి. ఇంజిన్ ఆపే నాబ్ లాగి అలాగే వదిలేశారా, లేదా కేబుల్ పట్టేసి పంపు మీద ఉన్న స్టాప్ లివర్ వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయిందా చూడండి. కీతో ఆగే బండైతే పంపు మీద సోలెనాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచి మూసేది) ఉంటుంది, కీ ఆన్ చేయగానే అక్కడ టక్ అని చిన్న సౌండ్ రావాలి. రాకపోతే వైరు ఊడిందో ఫ్యూజ్ పోయిందో, దానికి ఎంత ఎయిర్ తీసినా లాభం లేదు.

తర్వాత ట్యాంక్ మూత. దీన్ని చాలామంది పట్టించుకోరు. మూతకి గాలి పీల్చుకోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది, మట్టితో అది పూడుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంక్ లోపల వ్యాక్యూమ్ అవుతుంది. అరగంటో గంటో బాగా నడిచి ఆగిపోతుంది, కాసేపు ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది, అచ్చం ఎయిర్ పట్టినట్టే ఉంటుంది. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే సుయ్‌మని గాలి లోపలికి లాగిందా, అయితే దొరికినట్టే, సన్న తీగతో రంధ్రం క్లీన్ చేసుకోండి. మూత పోయిందని పాలిథిన్ కవర్ కట్టి రబ్బర్ బ్యాండ్ వేసి తిప్పేవాళ్ళకి కూడా ఇదే జరుగుతుంది.

ఇంకో టెస్ట్ సైలెన్సర్ దగ్గర. సెల్ఫ్ కొట్టేటప్పుడు పక్కన ఒకర్ని నిలబెట్టి పొగ చూడమనండి. అసలు పొగే రావట్లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ పోవట్లేదు, అది ఎయిర్ కావచ్చు, ఫిల్టర్ జామ్ కావచ్చు, స్టాప్ నాబ్ కావచ్చు. తెల్లగా పొగ వస్తూ కూడా స్టార్ట్ అవ్వట్లేదంటే డీజిల్ పోతోంది కానీ మండట్లేదు, అంటే బ్యాటరీ డౌన్ అయి ఇంజిన్ స్పీడ్‌గా తిరగకపోవడమో, కంప్రెషన్ తగ్గడమో, నాజిల్స్ పోవడమో. ఇలాంటప్పుడు ఎయిర్ తీస్తూ కూర్చుంటే టైమ్ వేస్ట్.

డీజిల్ ఏ దారిలో పోతుంది

ట్యాంక్, కుళాయి, కొన్ని బళ్ళలో అడుగున గాజు గిన్నె, అక్కణ్ణుంచి ఫీడ్ పంపు (ట్యాంక్ నుంచి డీజిల్ లాగి ముందుకి తోసే చిన్న పంపు), తర్వాత రెండు ఫిల్టర్లు, తర్వాత పెద్ద పంపు (నాజిల్స్‌కి ప్రెషర్ ఇచ్చే ఇంజెక్షన్ పంపు), అక్కణ్ణుంచి ఇనప పైపుల్లో నాజిల్స్‌కి, నాజిల్స్‌లో మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి. కొన్ని మోడల్స్‌లో ఫిల్టర్ ముందు ఉంటుంది, ఫీడ్ పంపు దాని తర్వాత ఉంటుంది, అందుకే మీ బండి పక్కన నిలబడి ట్యాంక్ నుంచి పైపు వెంట వేలు పెట్టుకుంటూ నాజిల్ దాకా ఒకసారి వెళ్ళండి, ఏది ఎక్కడుందో తెలుస్తుంది. ఎయిర్ తీసేది కూడా ఇదే ఆర్డర్‌లో. ట్యాంక్‌కి దగ్గర ఉన్నది ముందు, నాజిల్ ఆఖర్న. తలకిందులుగా చేసి ముందే నాజిల్స్ నట్లు విప్పి బ్యాటరీ డౌన్ అయ్యేదాకా సెల్ఫ్ కొట్టేవాళ్ళని చాలామందిని చూశా, వెనకాల ఫిల్టర్ నిండా గాలి పెట్టుకుని అలా ఎంతసేపు కొట్టినా ఏం వస్తుంది.

పెద్ద పంపులు రెండు రకాలు. పైపులన్నీ పంపు నెత్తి మీద ఒకే వరసలో ఉంటే అది ఇన్‌లైన్ పంపు, మనవాళ్ళు మైకో పంపు అంటారు, ఆ కంపెనీ 2008లోనే బాష్ అని పేరు మార్చుకున్నా ఊళ్ళలో ఇంకా మైకోనే. పైపులు ఒక గుండ్రటి తల చుట్టూ ఉంటే అది రోటరీ పంపు. బండి పేరు చూసి ఇది ఇన్‌లైనే అనుకోవద్దు, ఒకే కంపెనీవి రెండు రకాలూ తిరుగుతున్నాయి, కళ్ళతో చూసి తేల్చుకోండి.

ఎయిర్ తీయడం

న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, పీటీఓ (వెనక రోటావేటర్ లాంటివి తిప్పే షాఫ్ట్) ఆఫ్, సీటు మీద తెలిసినవాడు, పిల్లలు దూరంగా. ఫిల్టర్ల చుట్టూ, పంపు చుట్టూ ఉన్న మట్టి, గ్రీజు ముందు బ్రష్‌తో తుడిచేయండి, ఎందుకంటే స్క్రూ విప్పాక పడే మట్టి నేరుగా పంపులోకే పోతుంది. కింద ఒక డబ్బా పెట్టండి, డీజిల్ సెల్ఫ్ మోటర్ మీద, ఫ్యాన్ బెల్ట్ మీద కారకుండా గుడ్డ అడ్డం పెట్టండి. బీడీ కాల్చేవాళ్ళని అవతలికి పొమ్మనండి, వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది.

ట్యాంక్‌లో కనీసం పావు వంతుకి పైనే డీజిల్ ఉండాలి. ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటే ముందు అది కొంచెం విప్పి నీళ్ళు, మడ్డి దిగేదాకా వదిలేయండి, ఎలాగూ చెయ్యి పెట్టాం కదా.

ఇన్‌లైన్ పంపు అయితే దాని పక్కనే ఫీడ్ పంపు, దాని మీద చేత్తో కొట్టే చిన్న నాబ్ ఉంటుంది. దాన్ని ఎడమవైపు తిప్పితే మర ఊడి పైకి లేస్తుంది. ఇప్పుడు ఫిల్టర్ నెత్తి మీద ఉన్న బ్లీడింగ్ స్క్రూ (గాలి బయటికి వదిలేది) ఒకటి రెండు మరలు లూజ్ చేయండి, పూర్తిగా ఊడదీయక్కర్లేదు. నాబ్ కొడుతూ ఉండండి. మొదట బుస్ బుస్ మని గాలి, తర్వాత నురగ, తర్వాత బుడగలతో డీజిల్, చివరికి బుడగ లేని డీజిల్ వస్తుంది. వస్తున్నప్పుడే, అంటే నాబ్ నొక్కి పట్టుకునే, స్క్రూ టైట్ చేయాలి. నాబ్ వదిలేసి తీరిగ్గా బిగిస్తే ఆ గ్యాప్‌లో కొంచెం గాలి మళ్ళీ లోపలికి పోతుంది. రెండు ఫిల్టర్లుంటే మొదటిది ముందు, తర్వాత రెండోది. ఆ తర్వాత పెద్ద పంపు మీదున్న బ్లీడింగ్ స్క్రూ, అదే పద్ధతి. అన్నీ అయ్యాక నాబ్ కొడుతుంటే చేతికి గట్టిగా తగలాలి. తగిలిందంటే లైన్ నిండింది. ఇప్పుడు నాబ్ కిందికి నొక్కి కుడివైపు తిప్పి గట్టిగా బిగించండి. ఇది మర్చిపోతే ఆ నాబ్ దగ్గర్నుంచే మళ్ళీ ఎయిర్ లాగుతుంది, ఎయిర్ తీసిన మర్నాడే మళ్ళీ ఎయిర్ పట్టిందనే కేసుల్లో ఇది బాగా ఎక్కువ.

కొన్ని బళ్ళలో ఫీడ్ పంపు ఇంజిన్ బ్లాక్‌కి విడిగా ఉంటుంది, లోపల డయాఫ్రమ్ (ఊగే పల్చటి పొర), పక్కన చేత్తో కదిపే చిన్న లివర్. రోటరీ పంపు ఉన్న పాత బళ్ళలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. లివర్ కొడుతుంటే అస్సలు బరువు తగలకుండా ఊరికే ఊగుతోందా? పంపు పోయిందని కొత్తది కొనేయకండి. లోపల క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటే అలాగే ఉంటుంది. సెల్ఫ్ ఒక్క టచ్ ఇచ్చి ఇంజిన్ కొంచెం తిరగనిచ్చి మళ్ళీ కొట్టి చూడండి, బరువు తగులుతుంది. అప్పటికీ తగలకపోతే డయాఫ్రమ్ చూడాల్సిందే. ఈ డయాఫ్రమ్ చిరిగితే ఇంకో ప్రమాదం ఉంది, డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ కర్ర తీసి చూస్తే ఆయిల్ పెరిగి, పల్చగా, డీజిల్ వాసన వస్తుంటే బండి తిప్పొద్దు, బేరింగులు పోతాయి.

రోటరీ పంపుకి ఫిల్టర్ల తర్వాత మామూలుగా రెండు చోట్ల తీయాలి. ఒకటి పంపు ఒంటి మీద పైపులు వచ్చే తల దగ్గర, రెండోది పైన గవర్నర్ (ఇంజిన్ స్పీడ్ అదుపు చేసే భాగం) మూత మీద. కింద ఉన్నది ముందు, పైది తర్వాత. స్టాప్ నాబ్ లోపలికి తోసి, యాక్సిలరేటర్ ఫుల్ పెట్టి చేయాలి. ఈ స్క్రూలు చాలా చిన్నవి, బలం చూపిస్తే తెగిపోతాయి. తెగితే ఆ పంపు విప్పి టౌన్‌కి పట్టుకెళ్ళాల్సిందే, కాబట్టి కరెక్ట్ సైజ్ పానా పెట్టండి, కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పొద్దు.

ఇంత అయ్యాక చాలా బళ్ళు మామూలుగానే స్టార్ట్ అవుతాయి. కాకపోతే అప్పుడు నాజిల్స్ దగ్గరికి రండి. నాజిల్ మీద పైపు నట్ 17 నంబరో 19 నంబరో ఉంటుంది. యాక్సిలరేటర్ ఫుల్ పెట్టి, అన్ని నాజిల్స్ నట్లూ అర మర, మహా అయితే ఒక మర లూజ్ చేసి సెల్ఫ్ కొట్టమనండి. నట్ సందులోంచి ముందు నురగ, తర్వాత చుక్క చుక్కగా డీజిల్ ఎగురుతూ వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు టైట్ చేసుకుంటూ పోవాలి. ఒక్కటో రెండో బిగించగానే ఇంజిన్ అందుకుంటుంది, అప్పుడు కంగారుపడి చెయ్యి పెట్టకుండా ముందు ఆపేసి మిగతావి బిగించి మళ్ళీ స్టార్ట్ చేయండి. సెల్ఫ్ ఒకసారికి పది పదిహేను సెకన్లకి మించి కొట్టొద్దు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి. సెల్ఫ్ మోటర్ కాలితే అయ్యే ఖర్చు ముందు ఎయిర్ ఖర్చు ఏపాటిది.

లీక్ చూడటానికి ఆ పైపుల దగ్గర వేలు పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, బయటికి చిన్న సూది గుచ్చినట్టే కనబడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, లోపల మాత్రం కండ కుళ్ళుతుంది. అలా జరిగితే పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే పెద్ద హాస్పిటల్‌కి వెళ్ళి డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని డాక్టర్‌కి చెప్పాలి. లీక్ చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, తడి మచ్చ పడుతుంది.

స్టార్ట్ అయ్యాక కాసేపు ఒక్కో సిలిండర్ మిస్ కొట్టడం మామూలే, మిగిలిన బుడగలు పోయేదాకా మీడియం రేజ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచండి.

సరే, అసలు ఎక్కడ లాగుతోంది?

బావి దగ్గర ఆయిల్ ఇంజిన్ తిప్పినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. సక్షన్ పైపుకి, అంటే నీళ్ళు పీల్చే పైపుకి, చిల్లు పడితే నీళ్ళు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది, ఇంజిన్ ఎంత తిరిగినా నీళ్ళు ఎక్కవు. అదే డెలివరీ పైపుకి చిల్లు పడితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి. ట్రాక్టర్‌లోనూ ఇంతే. ట్యాంక్ నుంచి ఫీడ్ పంపు దాకా సక్షన్, అక్కడ లీకుంటే తడి కనిపించకుండానే గాలి పోతుంది. ఫీడ్ పంపు నుంచి పెద్ద పంపు దాకా డెలివరీ, అక్కడ లీకుంటే బండి నడుస్తున్నప్పుడు తడి కనబడుతుంది. "నా బండికి ఎక్కడా చుక్క కారట్లేదు, మరి ఎయిర్ ఎలా వస్తుంది" అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు, కారట్లేదు కాబట్టే సక్షన్ వైపు వెతకాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. మన దగ్గర ఎక్కువ ట్రాక్టర్లకి ట్యాంక్ ఇంజిన్ నెత్తి మీదే బానెట్ కింద ఉంటుంది. ట్యాంక్ నిండా ఉన్నప్పుడు డీజిల్ దాని బరువుకి అదే దిగుతుంది కాబట్టి సక్షన్ పైపుకి చిన్న చిల్లున్నా అప్పుడు గాలి పోదు, కొంచెం తడిగా మాత్రం ఉంటుంది. డీజిల్ అడుక్కి వచ్చేసరికి ఆ తోపుడు తగ్గి, ఫీడ్ పంపు గట్టిగా పీల్చడం మొదలుపెట్టేసరికి గాలి పోవడం మొదలవుతుంది. ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు బాగుండి, సగానికి దిగాక గొడవ చేసే బండి కనిపిస్తే నేను ఇంకేం ఆలోచించను, ట్యాంక్ నుంచి ఫీడ్ పంపు మధ్య పైపే. అలాగే గట్టు ఎక్కేటప్పుడో, ట్రాలీ లోడ్‌తో వాలులోనో మాత్రమే ఆగుతోందంటే డీజిల్ తక్కువై ఒక పక్కకి జరిగి, ట్యాంక్ నోటికి గాలి అందుతోంది. దానికి రిపేర్ లేదు, డీజిల్ పోయించడమే.

తేల్చుకోవడానికి మంచి పద్ధతి ట్రాన్స్‌పరెంట్ పైపు. హార్డ్‌వేర్ షాపులో దొరికే, లోపల కనబడే ప్లాస్టిక్ పైపు మీ లైన్ సైజుది ఒక మూర కొనండి. ఫీడ్ పంపులోకి వచ్చే పైపు తీసి దాని బదులు ఇది క్లిప్పులు వేసి బిగించి, ఎయిర్ తీసి బండి స్టార్ట్ చేసి చూస్తూ ఉండండి. బుడగలు వరసగా పోతుంటే గాలి అంతకన్నా ముందే, అంటే ట్యాంక్ వైపు నుంచి వస్తోంది. అక్కడ బుడగ లేకుండా ఫీడ్ పంపు దాటాక బుడగలుంటే ఫీడ్ పంపే. టెస్ట్‌కి మాత్రమే సుమా, ఆ పైపు అలాగే వదిలేసి తిప్పితే ఇంజిన్ వేడికీ డీజిల్‌కీ గట్టిపడి పగులుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

అదీ లేకపోతే క్యాన్ పద్ధతి. ఐదు లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి ఇంజిన్ కన్నా ఎత్తులో గట్టిగా కట్టి, ఒక కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి ఇచ్చి బండి తిప్పండి. గంటసేపు ఏ గొడవా లేకుండా నడిస్తే మీ ట్యాంక్, కుళాయి, ఆ మధ్య పైపు వీటిల్లోనే దొంగ ఉన్నాడు. అప్పటికీ ఆగితే ఫీడ్ పంపు నుంచి ముందుకి వెతకాలి. సగం వెతుకులాట దీంతోనే అయిపోతుంది, ఒక్కో వాషర్ మారుస్తూ పోవడం కన్నా ఇది చాలా నయం.

ఇక చోట్లు. మొదటి అనుమానం రబ్బరు పైపుల మీద, అదీ క్లిప్ కింద. బయటికి బాగానే ఉంటుంది, వంచి చూస్తే క్లిప్ పక్కనే సన్న పగుళ్ళు కనబడతాయి. పైపు పొడుగు ఉంటే ఆ అంగుళం కోసేసి మళ్ళీ ఎక్కించొచ్చు, లేకపోతే కొత్తది వేయండి, డీజిల్‌కి పనికొచ్చే పైపే అడగండి, నీళ్ళ పైపు వేస్తే నాలుగు నెలలకి మెత్తబడి లోపల పొర ఊడి దారి మూసేస్తుంది. బైండింగ్ వైరు చుట్టి మెలిపెట్టడం మనకి అలవాటు, కానీ తీగ ఒకచోట కోసుకుని ఇంకోచోట లూజ్‌గా ఉంటుంది. స్క్రూ క్లిప్ ఖరీదు ఎంతో కాదు.

తర్వాత రాగి వాషర్లు. పైపు చివర గుండ్రటి కన్ను, దాంట్లోంచి పోయే బోలు బోల్టు, కన్నుకి అటొకటి ఇటొకటి వాషర్. రెండు వాషర్లుండాలి, ఒకటి వేసి బిగించినవి కోకొల్లలు. ఒకసారి నలిగిన రాగి వాషర్ గట్టిపడిపోతుంది, మళ్ళీ వేస్తే ఎంత బిగించినా సీల్ అవ్వదు. కొత్తవి రూపాయల్లో పని, వేసేయండి. పొలంలో ఇరుక్కుంటే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే రాగి మళ్ళీ మెత్తబడుతుంది, గరుకు కాగితంతో రెండు పక్కలా రుద్ది వేసుకోవచ్చు. అల్యూమినియం వాషర్‌కి ఈ పని చేయొద్దు, అది కరిగిపోతుంది. ఈ బోల్టులకి టెఫ్లాన్ టేప్ చుట్టడం కూడా తప్పు, అక్కడ సీల్ అయ్యేది వాషర్ దగ్గర, మర దగ్గర కాదు. ఆ టేప్ ముక్క తెగి పంపులోకి పోతే ఉన్న రోగం పోయి కొత్త రోగం.

ఫిల్టర్ మార్చిన దగ్గర్నుంచీ ఎయిర్ వస్తోందా? అయితే రబ్బరు రింగే. పాత రింగ్ పైన మూతకే అతుక్కుని ఉండిపోతుంది, చూడకుండా కొత్తది కూడా వేస్తారు, రెండూ కలిసి సరిగ్గా కూర్చోవు. లేదా రింగ్ మెలి తిరిగి ఉంటుంది. మధ్య బోల్టుకి కూడా చిన్న వాషరో రింగో ఉంటుంది, ఫిల్టర్ ప్యాకెట్‌లో ఇచ్చినవన్నీ మార్చాలి, ఆ ప్యాకెట్‌లోవి దాచిపెట్టి పాతవే వేసే షాపులూ ఉన్నాయి. రింగుకి కొంచెం డీజిల్ రాసి కూర్చోబెట్టండి, గ్రీజు వద్దు. ఫిల్టర్ గిన్నెని డీజిల్‌తో నింపి బిగిస్తే ఎయిర్ తీసే పని తగ్గుతుంది, మొదటి ఫిల్టర్‌కి అలా చేయొచ్చు. పంపుకి ముందున్న చివరి ఫిల్టర్‌కి మాత్రం నేను అలా చేయను, ఎందుకంటే మనం పోసే ఆ డీజిల్ ఏ ఫిల్టరూ దాటలేదు, నేరుగా పంపులోకి పోతుంది. నాబ్ పదిసార్లు ఎక్కువ కొట్టుకోవడమే నయం.

గాజు గిన్నె ఉన్న బళ్ళలో దాని కింద గాస్కెట్, పైన కుళాయి మర దగ్గర గ్లాండ్ (లీక్ అవ్వకుండా ఉండే ప్యాకింగ్) చూడండి. కుళాయి తిప్పుతుంటే వదులుగా ఉందంటే అదే. డయాఫ్రమ్ పంపు పైమూత తీస్తే సన్న జాలీ ఉంటుంది, దాన్ని కడిగి మూత మళ్ళీ బిగించేటప్పుడు గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే అక్కణ్ణుంచీ లాగుతుంది.

ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ అవ్వని బండి, రోజంతా మాత్రం బాగానే నడిచేది. దీనికి ఒక తేలిక టెస్ట్. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఫిల్టర్ మీద బ్లీడింగ్ స్క్రూ లూజ్ చేసి నాబ్ కొట్టండి. గాలి వచ్చిందా, రాత్రంతా డీజిల్ వెనక్కి దిగి గాలి చేరింది. ఫీడ్ పంపులో చిన్న వాల్వులుంటాయి, వాటి కింద చెత్త ఇరుక్కున్నా ఇలా వెనక్కి జారుతుంది, విప్పి డీజిల్‌తో కడిగితే చాలాసార్లు సరిపోతుంది. రిటర్న్ పైపులు విరిగినా, వాటి వాషర్లు పోయినా రాత్రికి గాలి చేరుతుంది. ట్యాంక్ ఇంజిన్ మీద కాకుండా కిందుగా, ఫుట్‌బోర్డ్ పక్కన ఉండే మోడల్స్‌లో ఈ రాత్రి గొడవ ఎక్కువ, డీజిల్ దిగడానికి వాలు ఉంది కాబట్టి. గాలి రాకుండా మొదటి దెబ్బకే డీజిల్ వచ్చిందంటే ఎయిర్ గోల కాదు, బ్యాటరీ, నాజిల్స్ వైపు చూడండి.

ఎయిర్ అనుకునేది ఎయిర్ కాకపోవడం కూడా ఉంది. ఖాళీ రేజ్‌లో చక్కగా ఉండి లోడ్ పడగానే పవర్ పడిపోయి, ట్రాన్స్‌పరెంట్ పైపులో ఒక్క బుడగా లేదంటే ఫిల్టర్ జామ్ అయినట్టు. బంకు నుంచి డ్రమ్ముల్లో తెచ్చి నిల్వ పెట్టుకునేవాళ్ళకి వర్షాకాలంలో ఇది ఎక్కువ. డ్రమ్ము కదిపిన వెంటనే డీజిల్ తోడకండి, అడుగున రెండు మూడు లీటర్లు వదిలేయండి, నీళ్ళూ మడ్డీ అక్కడే ఉంటాయి.

పొలంలో మధ్యాహ్నం, షాపు దూరం, పైపు చిన్నగా పగిలింది అంటే స్నానం సబ్బు మెత్తగా చేసి పగులు మీద రుద్ది గుడ్డ పీలిక గట్టిగా చుడితే ఇంటిదాకా వస్తుంది, డీజిల్‌కి సబ్బు తొందరగా కరగదు. ఇంటికి రావడానికే అది, నాట్లు అయ్యేదాకా కాదు.

చూసి చూసి విసుగొచ్చిన పనులు రెండున్నాయి. ఒకటి, ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టి స్టార్ట్ చేయడం. ఎయిర్ పట్టిన బండికి అది ఉపయోగమే లేదు, ఆ పెట్రోల్ ఉన్నంతసేపు తిరిగి ఆగుతుంది, పైగా పిస్టన్లు పగిలే ప్రమాదం, మొహం కాలే ప్రమాదం. రెండోది, ఇంకో ట్రాక్టర్‌తో చైన్ వేసి లాగించడం. పైపులో గాలి ఉంటే లాగినా తోసినా గాలే నలుగుతుంది, చైన్ తెగితే మనిషి పోతాడు.

కొత్త కామన్ రైల్ (అన్ని నాజిల్స్‌కీ ఒకే పైపు నుంచి భారీ ప్రెషర్‌తో డీజిల్ ఇచ్చే) బళ్ళున్నవాళ్ళు పైన నాజిల్ నట్లు లూజ్ చేయమన్న భాగం మర్చిపోండి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి కొత్త పొల్యూషన్ రూల్స్ వచ్చాక ఆ సైజులో ఇవి ఎక్కువయ్యాయి. వాటిల్లో ప్రెషర్ వెయ్యి బార్ పైనే, ఇంజిన్ తిరుగుతుండగా ఆ పైపు నట్ కదిపితే ప్రాణాల మీదకి వస్తుంది. ఫిల్టర్ మీదున్న చేతి పంపు గట్టిపడేదాకా కొట్టడం, ఎలక్ట్రిక్ పంపు ఉంటే కీ ఆన్ చేసి కాసేపు ఆగి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయడం, అంతవరకే మన పని. ఫిల్టర్‌లో బయట డీజిల్ పోసి బిగించడం కూడా వీటికి అస్సలు వద్దు.

ఇవన్నీ చూసి, ఎక్కడా బుడగ లేదని తేలి, అయినా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యి, వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ అవ్వట్లేదంటే, అదీ రోటరీ పంపు అయితే, ఒక పని చేయండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు తడిగుడ్డ పంపు మీద పది పదిహేను నిమిషాలు వేసి ఉంచి సెల్ఫ్ కొట్టండి, నీళ్ళు మాత్రం గుమ్మరించొద్దు, వేడి పంపు పట్టేస్తుంది. చల్లబడగానే స్టార్ట్ అయ్యిందంటే పంపు లోపల అరిగిపోయింది, వేడికి డీజిల్ పల్చబడి లోపలే జారిపోతోంది. దానికి పానా పని ఇక లేదు. పంపు విప్పించి టెస్ట్ బెంచ్ ఉన్న పంపు షాపుకి పంపండి, నాజిల్స్ కూడా అదే ట్రిప్పులో ఇవ్వండి, ఎలాగూ బండి ఆగే ఉంటుంది.